మన బండి – మన జాగ్రత్త: సామాను దగ్గర చిన్న దీపం

హోసూరు నుంచి ఒక సోదరి రాశారు. వాళ్ళది ఇరవై ఏళ్ళు దాటిన డీజిలు బండి. ఏడుగురు ఎక్కుతారు. ఏడాదికి రెండు మూడుసార్లు రాత్రిపూట బయలుదేరి కడప వైపు బంధువుల ఇళ్ళకు పెళ్ళిళ్ళకూ, తద్దినాలకూ వెళ్ళి వస్తుంటారు. వెనక సామాను పెట్టే చోట చీకటి. దారిలో మామగారి మందుల సంచీ కావాలంటే ఒకరు సెల్‌ఫోను వెలుగు చూపాలి, ఇంకొకరు సంచులన్నీ దించాలి. అక్కడ ఒక ఎల్‌ఈడీ దీపం పెట్టిద్దామని వెళితే, ఎలక్ట్రీషియను "బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు లాగేస్తాను, అరగంట పని" అన్నాడట. "మా వారు సరే అంటున్నారు. నాకేమో భయంగా ఉంది. నా భయం అర్థం లేనిదా?" అని ఆమె ప్రశ్న.

అర్థం లేనిది కాదమ్మా. దీపం పెట్టించుకోండి. కానీ ఆ పద్ధతిలో వద్దు. బళ్ళారిలో చాలా ఏళ్ళుగా బళ్ళ వైరింగు చేస్తున్నవాణ్ణి గనక, ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఇలాంటి పాత బళ్ళు మన కుటుంబాల్లో చాలామందికి ఉన్నాయి.

టాటా సుమో 1994లో వచ్చింది. క్వాలిస్, బొలెరో 2000లో వచ్చాయి. సుమో వచ్చేనాటికి తెల్లని ఎల్‌ఈడీ బజారులోనే లేదు. జపానులో షూజీ నకమురా బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీని 1993లో చూపించాడు. దానికి పసుపు పూత జోడించి తెల్లని వెలుగు తెప్పించడం 1996లో మొదలైంది. నీలం ఎల్‌ఈడీకి బాట వేసినందుకు నకమురాకూ, అకసాకికీ, అమనోకూ కలిపి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి పాత బళ్ళ లోపలి దీపాలన్నీ ఫిలమెంటు బల్బులను లెక్కలో పెట్టుకుని చేసినవే. ఇవాళ వాటి పక్కన ఎల్‌ఈడీ చేరుస్తున్నామంటే, పాత ఇంటికి కొత్త గది కడుతున్నామన్నమాట. గోడ ఎక్కడ కలుస్తుందో అక్కడే జాగ్రత్త కావాలి.

దీపం కాలదు, వైరు కాలుతుంది

5 వాట్ల ఎల్‌ఈడీ దీపం తీసుకునే కరెంటు 0.4 ఆంపియరు. అంత చిన్న దీపంతో ప్రమాదమేమిటని మీ వారు అడిగి ఉంటారు. ప్రమాదం దీపంలో లేదు. బ్యాటరీ నుంచి వెనకదాకా కార్పెట్టు కింద, సీటు రేకుల మధ్య నాలుగైదు మీటర్లు వెళ్ళే వైరులో ఉంది. ఏళ్ళ తరబడి కుదుపులకు ఒక రేకు అంచు ఆ వైరు తొడుగును కోసిందనుకోండి. లోపలి రాగి బండి బాడీని తాకుతుంది. బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. అప్పుడు 0.4 ఆంపియరు కాదు, బ్యాటరీ ఇవ్వగలిగినంతా, అంటే వందల ఆంపియర్లు, ఆ సన్నని వైరులోంచి ఒక్కసారిగా పారుతుంది. వైరు ఎర్రగా కాలుతుంది, తొడుగు అంటుకుంటుంది. అదీ ఎక్కడ? పిల్లలు కాళ్ళు చాపుకుని పడుకున్న సీటు కింద.

దీనికి అడ్డు ఒక్కటే, ఫ్యూజు. ఫ్యూజు దీపాన్ని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. అందుకే దాని చోటు దీపం దగ్గర కాదు, కరెంటు తీసుకునే దగ్గర. బ్యాటరీ నుంచి తీసుకుంటే ప్లస్ కొసకు జానెడు దూరంలోపే ఉండాలి. ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరుకు ఏ కాపలా లేదు. ఈ దీపానికి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు, ఊదారంగులో ఉంటుంది. చేతికి దొరికింది కదా అని 20 ఆంపియర్ల పసుపుది పెడితే, అది కరిగేలోపు సన్నని వైరు కాలిపోవచ్చు.

కరెంటు ఎక్కడి నుంచి?

రెండు మార్గాలు. ఒకటి, డాష్‌బోర్డు కింద ఉన్న ఫ్యూజు పెట్టెలోంచి విడిగా ఒక లైను. ఫ్యూజు పట్టే చోటులోనే ఇంకో చిన్న ఫ్యూజుతో సహా దిగే ట్యాపులు దొరుకుతాయి. బెంగుళూరు జె.సి. రోడ్డులో గాని, మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో గాని విడిభాగాల దుకాణాల్లో అడగండి. మీ బండి ఫ్యూజు సైజు చూసి మరీ కొనండి. నా ఓటు ఈ మార్గానికే.

రెండోది, కప్పుకు ఉన్న లోపలి దీపం నుంచి పంచుకోవడం. ఎల్‌ఈడీ తీసుకునేది తక్కువ గనక ఆ లైనుకు పెద్ద బరువు కాదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా బళ్ళలో లోపలి దీపానికి ప్లస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. తలుపు తీసినప్పుడు తలుపు స్విచ్చి కలిపేది ఎర్తును. ఇది తెలియక కొత్త దీపం ప్లస్‌ను అక్కడ కలిపి, మైనస్‌ను బాడీకి బిగిస్తే అది రాత్రింబగళ్ళు వెలుగుతూనే ఉంటుంది. వారం రోజులు బండి తీయకపోతే 0.4 ఆంపియరు చొప్పున 67 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. అంటే పెద్ద బ్యాటరీ కూడా దాదాపు ఖాళీ. కాబట్టి ముందు టెస్టు ల్యాంపుతో చూసి, తలుపు తీస్తే మారేది ఏ వైరో తెలుసుకున్నాకే కలపాలి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంది. తిరగేస్తే వెలగదు.

పనిలో చూసుకోవలసినవి

మొదట బ్యాటరీ మైనస్ విప్పించండి. చివర అదే బిగించాలి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

వైరు బళ్ళకోసం చేసినదే, 1 చదరపు మిల్లీమీటరుది వాడించండి. పండుగ సీరియల్ సెట్టు వైరు, ఇంట్లో మిగిలిన వైరు వద్దు. రేకు రంధ్రంలోంచి వెళ్ళే ప్రతిచోటా రబ్బరు వాషరు ఉండాలి. వైరు తలుపు గడపల ప్లాస్టిక్ పట్టీ కిందుగా వెళ్ళాలి. సీటు జరిగే పట్టాల మీదుగా వెళ్ళకూడదు. కొత్త బళ్ళలో స్తంభాల లోపల ఎయిర్‌బ్యాగులు ఉంటాయి గనక అటు పోనివ్వొద్దు. నేలకు కొత్తగా రంధ్రం చేస్తామంటే ఒప్పుకోకండి, కింద డీజిలు గొట్టాలుంటాయి. బండికి గ్యాసు కిట్టు ఉంటే, సిలిండరు పక్కన స్విచ్చిగాని, వైరు అతుకుగాని పెట్టనేవద్దు.

అతుకులు మెలిపెట్టి టేపు చుట్టేవి కాకూడదు. ఎండకు టేపు జిగురు కారి ఊడిపోతుంది. టంకం పెట్టిగాని, క్రింపు చేసిగాని, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. ఎర్తు బిగించేచోట రంగు గీకి, మెరిసే రేకు మీద బోల్టు బిగించి, పైన కాస్త వాజలిన్ రాస్తే తుప్పు పట్టదు. పాత బళ్ళలో మిణుకుమిణుకుమనే దీపాల్లో చాలావాటి జబ్బు ఎర్తులోనే ఉంటుంది.

దీపం కొనేటప్పుడు 10 నుంచి 30 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉన్నది చూడండి. 12 వోల్టుల బండి అంటాం గాని, ఇంజను నడుస్తున్నప్పుడు 14 దాటుతుంది. చవక ఎల్‌ఈడీ పట్టీల్లో మూడు దీపాలకొక చిన్న రెసిస్టరు తప్ప మరే అదుపూ లేదు. రెండు వోల్టులు పెరిగితే కరెంటు బాగా పెరిగి, అవి వేడెక్కి తొందరగా మసకబారతాయి.

మధ్యలో ఒక పెద్ద దీపం కంటే రెండు పక్కలా రెండు చిన్నవి మేలు. ఒకదాన్ని పెట్టె మరుగు చేసినా రెండోది వెలుగిస్తుంది. వాటిని కప్పుకు బిగించండి. తలుపుకు బిగిస్తే, తెరిచి మూసిన ప్రతిసారీ వైరు మడతపడి ఒకనాటికి తెగుతుంది. చేతికందే చోట స్విచ్చి ఉండాలి. బండి నడుస్తుండగా ఆర్పే ఉంచండి. ముందు అద్దంలో దాని నీడ పడితే నడిపేవారికి రోడ్డు సరిగా కనబడదు.

ఇదంతా చేయించడానికి అరగంట కాదు, రెండు మూడు గంటలు పడుతుంది. కూలీ కూడా కాస్త ఎక్కువే అవుతుంది. ఇవ్వండి. మీరు ఎలక్ట్రీషియనుతో తగవు పడనక్కరలేదు. పని మొదలుపెట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి: ఫ్యూజు ఎక్కడ పెడతావు? ఎర్తు ఎక్కడ బిగిస్తావు? హోసూరులోనైనా, షోలాపూరులోనైనా, బరంపురంలోనైనా, అతను తమిళమో, మరాఠీయో, ఒడియానో మాట్లాడనీ, ఫ్యూజు, ఎర్తు అన్న ఈ రెండు మాటలూ అర్థమవుతాయి. రెండింటికీ తడుముకోకుండా చోటు చూపించినవాడికి బండి అప్పజెప్పండి. "అవి ఎందుకండీ" అన్నవాడి దగ్గరనుంచి తాళంచెవి వెనక్కి తీసుకోండి.

వచ్చే సంచికలో, ఎండాకాలం ప్రయాణానికి ముందు టైర్లలో చూసుకోవలసినవి.