చీకటిని చూసి ఫ్యూజు పేరు చెప్పవచ్చా?

పెండ్లిమర్రిలో ఒక రాత్రి మీ ఇంట్లో దీపం ఆరిపోయిందనుకోండి. బల్బు మాడిందా? ఫ్యూజు పోయిందా? వీధి చివర ట్రాన్స్‌ఫార్మరే కాలిందా? ఏది జరిగినా చీకటి ఒకటే. అందుచేత "ఫ్యూజే పోయింది" అని ఎవరైనా అంటే, కొత్త తీగ వేసి దీపం వెలిగేదాకా మీరు నమ్మరు. మందుల విషయంలోనూ మనం ఇంత పట్టుగానే ఉండాలని నా అభిప్రాయం.

మన జీవకణం రెండుగా చీలేముందు అందులోని సెంట్రోసోము కూడా రెండవుతుంది. ఆ రెండూ చెరోవైపు చేరాక, నడుమ సన్నని పోగులతో ఒక కండె ఏర్పడుతుంది. (మగ్గం ఉన్న ఇళ్ళవారు కండెను చూసే ఉంటారు.) క్రోమోజోములను చెరిసగం పంచేది ఆ పోగులే. సెంట్రోసోములు మూడో నాలుగో అయితే పంపకం చెడిపోవచ్చు. కాన్సరు కణాల్లో ఈ చిక్కు తరచు కనబడుతుంది. సెంట్రోసోమును జంట చేయించే ఎంజైము పి.ఎల్.కె.-4. దాని కుటుంబంలోదే పి.ఎల్.కె.-1. అది సెంట్రోసోములు ఎదిగి, విడిపోవడానికి తోడ్పడుతుంది.

2015లో అమెరికాలో శాస్త్రజ్ఞులు సెంట్రినోన్ అనే పదార్థంతో పి.ఎల్.కె.-4ను ఆపారు. కణాల్లో సెంట్రోసోములు మాయమయ్యాయి. వారు అంతటితో తృప్తిపడలేదు. ఆ ఎంజైములో ఒకే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, మందుకు పట్టు చిక్కకుండా చేశారు. ఈసారి మందు కలిపినా సెంట్రోసోములు నిలిచాయి. ఫ్యూజు మార్చి చూడటమంటే ఇదే!

ఇక మనవారి సంగతి. ఉస్మానియాలో డాక్టరేటు పొందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారి బృందం 2005లో రిగోసెర్టిబ్ అనే మందు పి.ఎల్.కె.-1ను ఆపుతుందని ప్రకటించింది. కణాల్లో కండె చెడిపోవడం వారు చూసినమాట నిజమే. అయితే 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో శాస్త్రజ్ఞులు, ఆ మందు పట్టేది ఎంజైమును కాదు, పోగులకు ముడిసరుకైన ట్యూబులిన్‌ను అన్నారు. ట్యూబులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే కణాలు మందుకు తట్టుకున్నాయి మరి. బజారులో కొన్న మందులోని మలినమే అలా చేసిందని రెడ్డి గారి పక్షం బదులు చెప్పింది. సబబైన సందేహమే. అవతలివారు శుద్ధమైన మందుతో మళ్ళీ చేసి, మళ్ళీ పోగులనే చూపారు. నా మటుకు నాకు ట్యూబులిన్ వాదమే బలంగా తోస్తుంది.

ఇది పండితుల జగడం మాత్రమే కాదు. 2014లోనూ 2020లోనూ ఫలితాలు వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ఆ మందు ఒక రక్తవ్యాధి రోగుల ఆయుస్సును చెప్పుకోదగినంత పెంచలేకపోయింది. గురి తెలియకపోవడమే అందుకు కారణమని నేననను. కాని ఏ రోగికి ఇవ్వాలో, ఏ మందుతో కలపాలో నిర్ణయించే వైద్యుడికి అది దేన్ని పట్టుకుంటుందో తెలియాలి కదా! అందుకే "ఈ మందు ఫలానా ఎంజైమును ఆపును" అని రాసే ప్రతి పాఠ్యపుస్తకంలోనూ, ఆ మాటను తేల్చిన ప్రయోగం గురించి ఒక్క పంక్తి అయినా ఉండాలంటాను. లేకపోతే రేపు తరగతిలో మీరే లేచి మాస్టారిని అడగండి.