కన్నతల్లికి కిడ్నీ ఇచ్చిన కార్మికునికి కూలికోతా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు రగిలింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగు కార్మికులకు భిలాయి ఏనాడో సొంత ఊరయింది. కొడుకులు ఇక్కడ, తల్లిదండ్రులు అక్కడ. ఆ "అక్కడ" ఉద్దానం అయిన కుటుంబాల బాధ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు గ్రామాలలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు మనుషులను తినివేస్తున్నది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే గరియాబంద్ జిల్లా సుపేబెడా గ్రామానిది కూడా ఇదే కథ.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. సంతోషించాము. అయితే ఆ పడక పక్కన కూర్చోవలసిన కొడుకు భిలాయిలో కాంట్రాక్టరు మస్తరులో ఉన్నాడు. అతని సంగతి ఎవరు చూస్తారు?

లెక్క చూడండి. డయాలిసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. రానూ పోనూ ప్రయాణమూ, సూది తీసిన తరువాత వచ్చే నీరసమూ కలుపుకుంటే రోజు రోజంతా పోయినట్లే. తల్లిని తీసుకువెళ్ళేవాడు ఒక్కడే అయితే నెలకు పదమూడు రోజులు. నెలకు ఇరవయ్యారు పనిదినాలు గల కార్మికునికి ఇది సగం నెల! సగం కూలితో ఇల్లు గడపాలి, మందులు కొనాలి, పిల్లల ఫీజులు కట్టాలి. మూడోనెల వచ్చేసరికి కాంట్రాక్టరు మరొకరిని పెట్టుకుంటాడు. ఇతని గేటు పాసు మళ్ళీ రాదు.

"అది వాళ్ళ ఇంటి వ్యవహారం, దానికి మేమేం చేస్తాం?" అన్నది యాజమాన్యాల పాత పాట. ఆ మాట చెల్లదని చట్టమే చెబుతున్నది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బతికి ఉన్న దాత అంటే ముందుగా దగ్గరి బంధువే: భార్యా భర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు కూతుళ్ళు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. 2011 సవరణతో తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాళ్ళు కూడా చేరారు. ఇతరులు ఇవ్వాలంటే అధికార కమిటీ అనుమతి కావాలి. అవయవాల వ్యాపారాన్ని అరికట్టడానికి ఇది అవసరమే, మేము కాదనము. కాని కిడ్నీ కావలసి వచ్చినపుడు మొదట కొడుకు వైపు, కూతురు వైపు వేలు చూపించే రాజ్యం, ఆ కొడుకు ఆపరేషన్ బల్ల మీద పడుకున్న రోజులకు కూలి ఎవరిస్తారో చెప్పనక్కరలేదా?

ఒక్క వర్గానికి చెప్పింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవదానం చేస్తే 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2023 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వు. దాత కోలుకోవడానికి వారాలు పడుతుందని, బరువులు ఎత్తరాదని ప్రభుత్వం ఒప్పుకున్నట్లే కదా. మరి కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూసే ఉద్యోగికి 42 రోజులు అవసరమైతే, కోక్ ఓవెన్ల వేడిలో పనిచేసేవానికి ఎన్ని రోజులు అవసరం? ఆ ఉత్తర్వు ఉక్కు కర్మాగారం పర్మనెంటు కార్మికునికే దానంతటదిగా వర్తించదు. కాంట్రాక్టు కార్మికునికి సున్న.

ఇ.ఎస్.ఐ. ఉన్నది కదా అంటారు. ఉన్నది. కార్మికుని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం ఇస్తుంది. ఆ హక్కును మన వారిలో చాలామంది ఉపయోగించుకోవడం లేదు, తప్పక ఉపయోగించుకోవాలి. అయితే ఇ.ఎస్.ఐ. జబ్బు భత్యం కార్మికుని సొంత జబ్బుకే. తల్లి పక్కన కూర్చున్న రోజుకు పైసా లేదు. పైగా 2017లో 21,000 రూపాయలుగా నిర్ణయించిన వేతన పరిమితి కత్తిలా వేలాడుతున్నది. పోరాడి కూలి పెంచుకుని ఆ గీత దాటినవాడు తల్లి వైద్యాన్ని కూడా పోగొట్టుకుంటాడు!

తోటివాని తల్లి ఆపరేషనుకు గేటు దగ్గర తువాలు పరచి చందా పోగుచేయడం మనకు కొత్తకాదు. దల్లీ రాజహరా గని కార్మికులు 1983లో తమ చెమటతో షహీద్ ఆసుపత్రినే కట్టుకున్నారు. జెండా ఏదైనా అది కార్మికవర్గం గర్వించదగిన పని. కాని మన తువాలు యాజమాన్యపు బాధ్యతను కప్పే ముసుగు కారాదు. మార్పిడి జరిగిన తరువాత కూడా మందులు జీవితాంతం మింగాలి. ఎన్నాళ్ళని చందా ఎత్తుతాము?

కాబట్టి మేము కోరుతున్నాము: అవయవదానం చేసిన ప్రతి కార్మికునికీ, పర్మనెంటు అయినా కాంట్రాక్టు అయినా, పూర్తి వేతనంతో 42 రోజుల సెలవు, తిరిగి వచ్చిన తరువాత డాక్టరు చెప్పినంత కాలం తేలిక పని, డయాలిసిస్‌కు తల్లిదండ్రులను తీసుకువెళ్ళే వారికి షిఫ్టు మార్పు, వేతనంతో కూడిన సెలవు, ఈ కారణంగా గేటు పాసు రద్దుచేసే కాంట్రాక్టరుపై చర్య. ప్రధాన యజమాని కర్మాగారమే గనుక కాంట్రాక్టరు పేరు చెప్పి తప్పించుకోవడానికి వీలులేదు. ఎన్.జె.సి.ఎస్. చర్చలలో ఈ కోర్కెలను వేతనాల సరసన పెట్టాలని సోదర సంఘాలన్నిటినీ కోరుతున్నాము. ఇటువంటి కష్టంలో ఉన్న కార్మికులు, ఏ కాంట్రాక్టరు కింద ఉన్నా, తమ మస్తరు వివరాలు, ఆసుపత్రి చీటీలతో సంఘ కార్యాలయానికి రావాలి.