హలసూరు గట్టు మీద వేమన ఎందుకు?

మొన్న ఉగాది సభకు అతిథిగా వచ్చిన పెద్దాయన ఒక మాట అన్నారు. హలసూరు చెరువు దగ్గర తమిళుల తిరువళ్లువర్ విగ్రహం ఉంది కదా, ఇంతమంది తెలుగువాళ్లున్న బెంగళూరులో అదే గట్టు మీద మన వేమన ఎందుకు ఉండకూడదు అని. హాలంతా చప్పట్లు. తర్వాత క్యాంటీన్‌లోనూ అదే చర్చ. అర్జీ రాసి సంతకాలు పెట్టిద్దామని మా సెకండ్ ఇయర్‌లోనే నలుగురైదుగురు బయల్దేరారు. కాగితం నా దగ్గరికీ వచ్చింది. నేను సంతకం పెట్టలేదు. "నువ్వు తెలుగుదానివి కాదా?" అని ఒకరు నవ్వుతూనే అడిగారు గానీ, ఆ నవ్వులో కొంచెం నిజం ఉంది. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడం. కాబట్టి నాకు సగం అభిమానమే ఉంటుందని వాళ్ల లెక్క. మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరికీ జవాబు చెప్పేకంటే మన గోడపత్రికలో రాయడం నయం అనుకున్నాను.

ముందు ఒకటి అడుగుతాను. సంతకం పెట్టినవాళ్లలో ఎంతమంది ఆ చెరువు గట్టున ఒక సాయంత్రమైనా కూర్చున్నారు? హలసూరు మెట్రో స్టేషన్‌లో దిగి నడిస్తే పెద్ద దూరం కూడా కాదు. దారిలోనే సోమేశ్వరుడి గుడి. చోళుల నాటి పునాదుల మీద విజయనగర కాలంలో పెంచిన గుడి అది, ఆ స్తంభాలు చూడ్డానికే ఒక గంట పడుతుంది. తర్వాత చెరువు. సుమారు 123 ఎకరాలు. మధ్యలో చెట్లతో నిండిన చిన్న చిన్న దీవులు, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. పడవ షికారు ఉంది. ఒక పక్క మద్రాస్ సాపర్ల సైనిక కేంద్రం, ఇంకో పక్క తెల్లటి గురుద్వారా. వినాయక చవితి వచ్చిందంటే నిమజ్జనానికి విడిగా కట్టిన కళ్యాణి దగ్గర ఊరంతా ఉంటుంది. హలసు అంటే పనస. అంటే ఇది పనసూరు అన్నమాట! ఇంగ్లీషువాళ్లు దాన్ని 'అల్సూర్' చేసి పండు తీసేశారు.

గట్టు మీద నాకు నచ్చేది మాటలు. మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ తమిళంలో బేరమాడుతుంది, కన్నడంలో చిల్లర అడుగుతుంది, మా అమ్మ మాట విని తెలుగులో "ఉప్పుకారం ఎక్కువ పెట్టాలా అమ్మా?" అంటుంది. పక్కనే పంజాబీలో ఫోన్. ఎవరూ ఎవరినీ నీది ఏ భాష అని అడగరు. ఈ ఊళ్లో నేను గొంతు తగ్గించుకోకుండా తెలుగు మాట్లాడే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటిలో అదొకటి.

ఇప్పుడు విగ్రహం సంగతి. ఆ తిరువళ్లువర్ విగ్రహం 1991లోనే సిద్ధమైంది. అదే ఏడు చివర్లో కావేరి గొడవల్లో బెంగళూరు తగలబడింది. తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ కవి ముసుగులోనే నిలబడ్డాడు. 2009 ఆగస్టు 9న అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి, మన ముఖ్యమంత్రి యడియూరప్ప కలిసి నిలబడితే గాని ముసుగు తీయడం కుదరలేదు. దానికి బదులుగా నాలుగు రోజుల తర్వాత చెన్నైలోని అయనావరంలో కన్నడ సర్వజ్ఞుడి విగ్రహం తెరిచారు. ఒకరి కవి ముఖం చూడాలంటే ఇంకొకరి కవిని జామీను పెట్టుకున్నట్టు లేదూ ఇది? ఇద్దరు కవులూ ఇలాంటి లెక్కలకు ఎంత దూరమో వాళ్లని చదివిన ఎవరైనా చెబుతారు.

తెలుగువాళ్ల అనుభవం కూడా తీసిపోలేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ హయాంలో ముప్పైకి పైగా విగ్రహాలు పెట్టారు. వేమన అక్కడ ఉన్నాడు. వెతికితే రుద్రమ, మొల్ల కూడా కనిపిస్తారు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు వాటిలో చాలా విరిగాయి, కొన్ని హుస్సేన్ సాగర్ నీళ్లలోకి వెళ్లాయి. విరగ్గొట్టినవాళ్లూ తెలుగువాళ్లే, ఏడ్చినవాళ్లూ తెలుగువాళ్లే. అవి ఎవరి విగ్రహాలు, మావాళ్లు అందులో ఎందరు అన్న కోపం అది. ఆ కోపానికి కారణం లేదని నేను అనను. చెరువు గట్టున వరసగా మనుషుల్ని నిలబెడితే ఎవరు లేరన్న లెక్క కూడా ఎవరో ఒకరు తీస్తారని మాత్రం అంటాను. హలసూరులో వేమన వస్తే రేపు మలయాళీలు అడుగుతారు, ఎల్లుండి ఇంకొకరు. అడిగే హక్కు అందరికీ ఉంది. గట్టు మాత్రం ఒక్కటే.

పైగా వేమనకా? రాతిబొమ్మలకు మొక్కేవాళ్లను జీవితమంతా నిలదీసినవాడికి రాతిబొమ్మ కట్టడం మీకెవరికీ నవ్వు తెప్పించలేదా? ఆయన పేరు ఈ ఊళ్లో లేకపోలేదు, కోరమంగలలో వేమన పేరుతో కాలేజీ నడుస్తోంది.

మా బెంచీమేట్ ఒకమాట అంది, అది కొట్టేయలేను. "బస్సులో నువ్వు నేను తెలుగులో మాట్లాడుకుంటుంటే వెనక నుంచి 'కన్నడ మాతాడి' అంటారు. మనం ఇక్కడ ఎన్ని తరాల నుంచి ఉన్నామో ఎవరికీ తెలీదు. ఒక్క బొమ్మ ఉంటే తెలుస్తుంది కదే!" ఆ మాటలో బాధ ఉంది. కానీ బొమ్మ చూసి ఆ వెనక సీటు మనిషి మారతాడా? తిరువళ్లువర్ గట్టు దగ్గరే ఉన్నాడు. 2016లో కావేరి గొడవ మళ్లీ వచ్చినప్పుడు ఇదే ఊళ్లో తమిళనాడు బస్సులు తగలబడ్డాయి.

మనం ఇక్కడివాళ్లమని చెప్పాలంటే నాకు వేరే సాక్ష్యం దొరికింది. అది నీళ్ల మాటల్లో ఉంది. మా అవ్వది ముళబాగిలు పక్క పల్లె. మొన్న సెలవుల్లో హలసూరు గట్టుకు తీసుకెళ్తే ఆవిడ దీవులు చూడలేదు, పడవలు చూడలేదు. "దీని తూము యాడుంది? మొరవ ఏ పక్క?" అని అడిగింది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు మొరవ. పుస్తకంలో 'మరవ' అని రాస్తారు. ఇంకోచోట అదే అలుగు, తెలంగాణలో మత్తడి, నెల్లూరు వైపు కలుజు. నాన్న దాన్నే కన్నడంలో కోడి అంటారు. మన తూము వాళ్ల తూబు. ఇంకా తమాషా ఏంటంటే తమిళంలో ఏరి అంటే చెరువు, కన్నడంలో ఏరి అంటే చెరువు కట్ట, తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. మూడు భాషలూ ఒకే చెరువు దగ్గర నిలబడి ఒకరు నీళ్లను, ఒకరు గట్టును, ఒకరు ప్రవాహాన్ని వేలుపెట్టి చూపించినట్టు ఉంది. (ఇది నా ఊహ మాత్రమే, భాషాశాస్త్రం మేడం తిట్టకూడదు.) నాకు అవ్వ ప్రశ్నకు జవాబు తెలియలేదు. వాకింగ్ చేసేవాళ్లను అడిగాం. వాళ్లకీ తెలీదు. మొరవ అంటే ఏంటో అర్థమైనవాడు చెట్టు నీడన కూర్చున్న ఒక ముసలాయన మాత్రమే. ఆయన కన్నడంలో చెప్పారు, అవ్వ తెలుగులో విన్నది.

ఆ తర్వాత నేను వెతికి తెలుసుకున్న దారి ఇది. హలసూరు నుంచి పొంగిన నీళ్లు చల్లఘట్ట లోయ వెంట బెళ్లందూరు చెరువుకు పోతాయి. అక్కణ్నుంచి వర్తూరు. అక్కణ్నుంచి దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యామ్‌కు చేరతాయి. హోసూరు అంటే ఎవరో అనుకునేరు, మన క్లాసులోనే అక్కణ్నుంచి రోజూ వచ్చేవాళ్లు ఇద్దరున్నారు. ఇంట్లో తెలుగు, ఊళ్లో తమిళం, కాలేజీలో కన్నడం వాళ్లకి. బెళ్లందూరులో నురగ రోడ్డెక్కిన ఫొటోలు అందరం చూశాం. 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో ఆ చెరువు మంటలు మండింది. చెరువు మండటమేంటి అని అవ్వ రెండుసార్లు అడిగింది. అదే నురగ కెలవరపల్లి డ్యామ్ దగ్గరా తేలుతుంటుంది. హలసూరు చెరువు కూడా ఏమీ తక్కువ తినలేదు. 2016 మార్చిలో వేలకొద్దీ చేపలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. మురుగు చేరి నీళ్లలో ఊపిరి లేక చచ్చాయి అవి.

ఇటు కోలారు సంగతి చూడండి. 2018 నుంచి ఈ ఊరి మురుగునీటినే శుద్ధి చేసి అక్కడి చెరువులకు పంపు చేస్తున్నారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో నీళ్లు చూసి సంతోషించినవాళ్లున్నారు, మా అవ్వ ఊరివాళ్లూ ఉన్నారు. కానీ ఆ శుద్ధి రెండు దశల్లోనే ఆగుతుంది. మూడో దశ కూడా చెయ్యండని అక్కడి రైతులు అడుగుతూనే ఉన్నారు. కోలారు జిల్లాలో ఎంత తెలుగు వినిపిస్తుందో ఈ డిపార్ట్‌మెంట్‌కు నేను చెప్పాలా?

అంటే బెంగళూరు వదిలిన నీళ్లు ఒక పక్క హోసూరు తెలుగువాళ్ల పొలాల్లోకి, ఇంకో పక్క కోలారు తెలుగువాళ్ల బావుల కిందికి పోతున్నాయి. మనం మాత్రం మొదట్లో నిలబడి ఇక్కడో విగ్రహం పెట్టండని అర్జీ రాస్తున్నాం.

అర్జీ రాయొద్దని కాదు. వేరే అర్జీ రాద్దాం. హలసూరు చెరువులోకి మురుగు రాకుండా చూడమని, కోలారుకు మూడో దశ శుద్ధి చేసిన నీళ్లే పంపమని. ఇంకొకటి కూడా చేరుద్దాం, ఇది మనలాంటివాళ్ల కోసం. ఊళ్లో చాలా చెరువులకు కంచె వేసి, పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. బూట్లు వేసుకుని నడిచేవాళ్ల టైము అది. పన్నెండింటికి క్లాసు అయిపోయిన అమ్మాయి, ఇంటికి వెళ్లే బస్సు మూడింటికి ఉన్న అమ్మాయి ఎక్కడ కూర్చోవాలి? కాఫీ డేల్లో కూర్చోవడానికి డబ్బు కావాలి. ఒక చెరువు దగ్గర (పేరు ఎందుకులెండి) మధ్యాహ్నం నేనూ మా ఫ్రెండూ పుస్తకాలు తీసుకుని కూర్చుంటే కాపలా ఆయన వచ్చి "ఆడపిల్లలు ఇక్కడ సుమ్మనె ఎందుకు కూర్చుంటారు?" అన్నారు. సుమ్మనె అంటే ఊరికే. ఊరికే కూర్చోవడానికే కదా చెరువు గట్టు! మధ్యాహ్నం గేటు తెరిచి ఉంచండి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచండి అని రాస్తే ఆ కాగితం మీద మొదటి సంతకం నాది. కన్నడం డిపార్ట్‌మెంట్‌వాళ్లూ పెడతారు, తమిళం మాట్లాడే మన కామర్స్ అమ్మాయిలూ పెడతారు. వేమన అర్జీ మీద వాళ్లు పెట్టేవారా?

ఈసారి డిపార్ట్‌మెంట్ టూర్ ఎక్కడికని మేడం అడుగుతున్నారు. నంది కొండలు అందరూ చూసేశారు. నేను హలసూరు అంటాను. మెట్రో టికెట్టు ఖర్చే. పొద్దున సోమేశ్వరుడి గుడి, మధ్యాహ్నం గురుద్వారాలో లంగర్ భోజనం, తర్వాత గట్టంతా ఒక చుట్టు. హోసూరు అమ్మాయిలిద్దరూ ముందు నడవాలి. తిరువళ్లువర్‌కూ ఒక నమస్కారం పెట్టి వద్దాం, పద్దెనిమిదేళ్లు ముసుగులో ఓపిక పట్టినందుకైనా.

టూర్ లోపల ఇంకో పని ఉంది. ఈ కాగితం కింద ఖాళీ చీటీలు, గుండుసూదులు పెట్టాను. మీ ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటును వాళ్ల ఊళ్లో ఏమంటారో, ఊరి పేరుతో సహా రాసి గుచ్చండి. తెలుగు, కన్నడం, తమిళం ఏదైనా పరవాలేదు. మొదటి చీటీ మా అవ్వది: మొరవ, ముళబాగిలు. రెండోది మా నాన్నది: కోడి.