ఫ్రిజ్‌లో పెట్టగానే సరా? మాంసం నిల్వపై అపోహలు వీడాలి

పల్లెల్లో ఫ్రిజ్ ఇప్పుడు వింత వస్తువు కాదు. ఆదివారం కొన్న కోడిమాంసంలో సగం, కనుమనాడు నాలుగిళ్ళవారు కలిసి వేటను కోసి పోగులు వేసుకొన్నప్పుడు మిగిలిన వాటా, బక్రీదుకు స్నేహితుల ఇళ్ళనుండి వచ్చిన మాంసం తిన్నగా ఫ్రిజ్ పైఅరలోని ఐసు పెట్టెలోకి చేరుతున్నాయి. "గడ్డ కట్టింది గదా, ఎన్నాళ్ళున్నా ఫర్వాలేదు" అన్న ధీమా కొందరిది. "వారం దాటితే విషమే" అన్న భయం మరికొందరిది. రెండూ పొరపాటే. వందల రూపాయలు పోసి కొన్న మంచి మాంసాన్ని పారవేస్తే డబ్బు నష్టం. చెడిన దానిని పారవేయడానికి మనసొప్పక వండి పెడితే పిల్లలకు, వృద్ధులకు ప్రాణాపాయం.

మాంసాన్ని చెడగొట్టేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి పెరగడానికి తడి, వెచ్చదనం కావాలి. పూర్వం మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి, ఎండలో ఆరవేసి ఉప్పుకండ చేసేవారు. తడి పోయేది గనుక అది నెలల తరబడి నిలిచేది. ఫ్రీజర్ చేసే పని కూడా దాదాపు అదే. తడి మంచుగా మారి సూక్ష్మజీవులకు అందకుండా పోతుంది. కాని ఒక తేడా వున్నది. ఎండలో పోయిన తడి తిరిగి రాదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన తడి, కరెంటు పోయి మంచు కరగగానే తిరిగి వస్తుంది. అంతవరకు నిద్రపోయిన సూక్ష్మజీవులు మళ్ళీ లేస్తాయి. చలి వాటిలో చాలావాటిని ఆపుతుందే కాని చంపదు. తెల్లవారుజామున కోసి, ఎండలో ఈగలు వాలుతుండగా మధ్యాహ్నం దాకా వేలాడదీసిన మాంసాన్ని తెచ్చి ఫ్రీజర్‌లో పెడితే అది బాగుపడదు. ఫ్రీజర్ కాపలాదారే గాని వైద్యుడు కాదు.

మరి ఎన్నాళ్ళు నిల్వ వుంటుంది? సున్నాకు 18 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన, ఎడతెగకుండా వుంచిన మంచి మాంసం ఎన్నాళ్ళయినా ఆరోగ్యానికి హాని చేయదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతున్నది. తగ్గేది రుచి మాత్రమే. ఆ దేశంలో గృహిణులకు ఇచ్చే సూచనల ప్రకారం రుచి చెడకుండా కోడి మొత్తంగా అయితే ఏడాది, ముక్కలైతే 9 నెలలు వుంటుంది. వేటమాంసం ముక్కలు 4 నుండి 12 నెలలు, ఖైమా, కోడి కార్జం వంటివి 3, 4 నెలలు, వండిన మాంసం 2 నుండి 6 నెలలు మంచివి. ఖైమా త్వరగా చెడటానికి కారణం, ముక్క చిన్నదయ్యేకొద్దీ గాలి తగిలే భాగం పెరగడమే. గాలి తగిలిన కొవ్వు చలిలో సైతం నెమ్మదిగా మెక్కిపోతుంది. పైన తెల్లగా ఎండినట్లు కనిపించే మచ్చలు గాలికి తడి ఆరిపోయిన గుర్తులు. అవి విషం కావు. అంతమేరకు కోసివేసి వండుకోవచ్చు.

ఈ లెక్కలన్నీ 18 డిగ్రీల చలి వున్న ఫ్రీజర్‌కే వర్తిస్తాయి. ఒకే తలుపు వున్న ఫ్రిజ్‌లలోని చిన్న ఐసు పెట్టె అన్నిటిలోనూ ఆ చలి వుంటుందన్న హామీ లేదు. కొన్ని ఫ్రీజర్ల మీద చలిని తెలిపే నక్షత్రపు గుర్తులు వుంటాయి. ఒక్క నక్షత్రమంటే సున్నాకు 6 డిగ్రీలు దిగువ. అందులో గడ్డకట్టిన ఆహారం వారం రోజులు. రెండు నక్షత్రాలంటే 12 డిగ్రీలు, నెల రోజులు. మూడయితే 18 డిగ్రీలు. మన దేశంలో ఫ్రిజ్ తలుపు మీద అంటించి అమ్మే నక్షత్రాల కాగితం వేరు. అది కరెంటు పొదుపును తెలిపేది. అయిదు నక్షత్రాల ఫ్రిజ్ కొన్నాం గనుక మాంసం అయిదు రెట్లు నిలుస్తుందని అనుకోరాదు.

అసలు కీలకం రోజుల లెక్కలో లేదు, చలి తెగకపోవడంలో వున్నది. ఇందుకు 140 ఏళ్ళ నాటి నిదర్శనం ఒకటి చాలు. 1882లో 'డునెడిన్' అనే తెరచాప ఓడ న్యూజిలాండు నుండి దాదాపు 5 వేల గొర్రెల, గొర్రెపిల్లల వంటి జీవాల కళేబరాలను గడ్డకట్టించి లండనుకు తీసుకుపోయింది. ప్రయాణం 98 రోజులు. దారిలో భూమధ్యరేఖ ఎండలు దాటవలసి వచ్చింది. అయినా అక్కడ తనిఖీలో పనికిరాదని తీసివేసినది ఒక్క కళేబరమే. ఓడలోని యంత్రం చలిని నిలిపి వుంచడమే దానికి కారణం. అటువంటి చలి కరెంటు కోతల నడుమ పల్లెటూరి ఇంటి ఫ్రిజ్‌లో దొరకదు.

తలుపు తెరవకుండా వుంటే నిండుగా వున్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకొంటుంది. చిన్న ఐసు పెట్టె నుండి అంత ఆశించరాదు. ఇంట్లో లేనప్పుడు కరెంటు ఎంతసేపు పోయినదీ తెలుసుకోవడానికి ఒక సులువు వున్నది. చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ వుంచి ఫ్రీజర్‌లోనే పెట్టాలి. ఊరినుండి తిరిగి వచ్చేసరికి బిళ్ళ పైనే వుంటే భయం లేదు. అడుగుకు దిగి వుంటే మంచు మొత్తం కరిగి మళ్ళీ గట్టిపడిందని అర్థం. ఆ మాంసం గట్టిగా కనబడినా నమ్మరాదు. మాంసంలో ఇంకా మంచు పలుకులు మిగిలివుంటే మాత్రం తిరిగి గడ్డకట్టించవచ్చు.

కరిగించే తీరులోనూ పొరపాటు జరుగుతున్నది. పొద్దున్నే పొట్లం తీసి అరుగు మీద వుంచి, మధ్యాహ్నం వండటం చాలా ఇళ్ళలో అలవాటు. లోపల గడ్డగానే వుండగా పైభాగం వెచ్చబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. 32 డిగ్రీలకు మించిన వేడిలో మాంసం గంటకు మించి బయట వుండరాదు. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చడం మంచి పద్ధతి. తొందరైతే తడి చొరని సంచిలో కట్టి చన్నీళ్ళలో వుంచి, అరగంటకొకసారి నీళ్ళు మార్చి, కరగగానే వండాలి. "బాగా ఉడికిస్తే అన్నీ పోతాయి" అన్నది నిజం కాదు. ఉడికితే సూక్ష్మజీవులు చస్తాయి. వాటిలో కొన్ని అప్పటికే వదిలిన విషం ఉడుకుకు లొంగదు.

ఇంటివారి జాగ్రత్త ఒక్కటే చాలదు. ప్యాకెట్లలో అమ్మే మాంసం మీద తయారీ తేదీ, గడువు తేదీ, నిల్వ వుంచవలసిన పద్ధతి ముద్రించి వుండాలి. తేదీ లేని సంచులలోని గడ్డ మాంసాన్ని కొనుగోలుదారులు తిరస్కరించాలి. రాత్రి వేళ ఫ్రీజర్ ఆపివేసే దుకాణాలేమైనా వుంటే ఆహార భద్రతా అధికారులు కనిపెట్టాలి. పట్నంలోని హోటళ్ళతో తనిఖీలు సరిపెట్టక సంతలకు, మండల కేంద్రాలకు కూడా రావాలి. మరమ్మతులకు కరెంటు ఆపేటప్పుడు విద్యుత్ సిబ్బంది ముందురోజే పంచాయతీకి కబురు చేయాలి. పంచాయతీ ఆ కబురును మైకులో చాటించడం పెద్ద ఖర్చు కాదు.

కొన్ననాడే అరకిలో చొప్పున పలుచని పొట్లాలు కట్టి, గాలి తీసి, పైన తేదీ రాసి పెట్టుకొంటే ఎన్నాళ్ళయిందన్న అనుమానమే వుండదు. తేదీ గుర్తు లేక, కరెంటు ఎంతసేపు పోయిందో తెలియక సందేహం కలిగిన మాంసాన్ని పారవేయడం దుబారా కాదు. ఆసుపత్రి ఖర్చు కంటె కిలో మాంసం ఎప్పుడూ చవకే.