ఇంటి భాష మానేయమంటున్నారు

గుంటూరులో మేమెరిగిన ఒక ఇంట్లో మూడున్నర ఏళ్ళ బాబు ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారును తలక్రిందులు చేసి దాని చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటాడు. దాహం వేసినప్పుడు తల్లి దగ్గరకు వచ్చి 'పానీ హోనా?' అంటాడు. రోజూ తల్లి తనను అడిగే ప్రశ్ననే, అదే రాగంలో, తిరిగి ఆమెకు అప్పగిస్తాడు. కొన్ని నెలల క్రితం ఒక ఆసుపత్రిలో ఇది ఆటిజం అని తేల్చారు. దానితోపాటు ఒక సలహా కూడా ఇచ్చి పంపారు. రెండు మూడు భాషలు విని పిల్లవాడు తికమకపడుతున్నాడనీ, ఇంట్లో ఉర్దూ మానేసి ఒకే భాషలో, వీలైతే బడిలో చెప్పే ఇంగ్లీషులోనే మాట్లాడాలనీ ఆ సలహా.

తల్లి పదవ తరగతి వరకు చదివారు. 'సిట్', 'కమ్', 'ఈట్', 'నో' అనగలరు. ఆ రోజు నుండి ఆమె కన్నకొడుకుతో మాట్లాడినవి ఇంచుమించు ఈ నాలుగు మాటలే. ఇంగ్లీషు బొత్తిగా రాని దాదీమా మనుమడి పక్కన మౌనంగా కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

ఈ సలహా తప్పు. ఇది ఒక్క ఊరిలో, ఒక్క ఇంటికి ఇచ్చిన సలహా కాదు గనుకనే దీని గురించి వ్రాయవలసి వచ్చింది.

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలలోనే ఉండే తేడా. ఎదుటివారితో మాట కలపడంలో, వారి మనసులోని ఉద్దేశాన్ని పసిగట్టడంలో ఇబ్బంది ఉంటుంది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, ఏ చిన్న మార్పునూ సహించలేకపోవడం ఉంటాయి. శబ్దాలు, వెలుతురు, స్పర్శ కొందరికి మితిమీరి తగులుతాయి. కుక్కర్ కూత, పెళ్ళిలో మర్ఫా, పండుగ కుర్తా మెడ దగ్గర గుచ్చుకునే లేబులు మనకు లెక్కలోనివి కావు, ఆ పిల్లవాడికి అవి భరించలేని బాధ కావచ్చు. అందరిలో ఇది ఒకే తీరుగా ఉండదు. ఒకరికి జీవితమంతా మాట రాకపోవచ్చు, మరొకరు డిగ్రీలు పూర్తి చేసి ఉద్యోగం చేయవచ్చు. అందుకే దీనికి 'ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్' అని పేరు.

1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి దీన్ని వర్ణించిన నాటి నుండి నింద వెతుక్కుంటూ వచ్చి తల్లి మీదనే పడింది. ప్రేమ చూపని తల్లుల వల్ల పిల్లలు ఇలా అవుతారని కొన్ని దశాబ్దాలపాటు పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. అది నిరాధారమని తేలింది. 1998లో ఒక వైద్య పత్రిక టీకా మీద అనుమానం రేకెత్తించే వ్యాసం ప్రచురించింది, టీకా వేయించిన తల్లులు తమను తాము తిట్టుకున్నారు. 2010లో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది. మన బంధువులు నజర్ అన్నారు, గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందన్నారు. ఇప్పుడు ఆమె మాట్లాడే భాష వంతు వచ్చింది.

రెండు భాషల ఇళ్ళలో పెరిగే ఆటిజం పిల్లలను, ఒకే భాష వినే ఆటిజం పిల్లలతో పోల్చి కెనడాలోనూ ఇతర దేశాలలోనూ పరిశోధనలు జరిగాయి. రెండో భాష వల్ల మాట వెనుకబడినట్లు వాటిలో తేలలేదు. అసలు మాట అనేది భాషల లెక్కతో వచ్చేది కాదు. అది ఒడిలో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేవారి నుండి వస్తుంది. మాట కలపడమే కష్టమైన బిడ్డకు, ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషిని నోరు మూసుకోమనడం చికిత్స ఎలా అవుతుంది? రాని భాషలో తల్లి ఆజ్ఞలు ఇవ్వగలదు. లాలించలేదు, కథ చెప్పలేదు, ఉత్తుత్తి కోపం నటించలేదు.

ఆ బాబు 'పానీ హోనా?' అనడం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. విన్న మాటను విన్నట్లే తిరిగి పలకడం ఆటిజం పిల్లలలో తరచుగా కనిపిస్తుంది. అది అర్థంలేని చిలకపలుకు కాదు, చాలామంది పిల్లలు ఆ దారినే సొంత మాట దాకా చేరుకుంటారు. వాడు నీళ్ళు అడుగుతున్నాడు. ఉర్దూ తెలిసిన స్పీచ్ థెరపిస్టు దాన్ని పట్టుకుని 'ముఝే పానీ హోనా' వరకు తీసుకుపోగలరు. ఉర్దూ తెలియనివారి చెవికి అది ఏదో శబ్దం, కాగితం మీద 'మాట లేదు' అని నమోదవుతుంది.

పరీక్ష దగ్గరే ఈ చిక్కు మొదలవుతుంది. మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి వాడే ఐ.ఎస్.ఎ.ఎ. కొలమానాన్ని సికింద్రాబాదులోని జాతీయ సంస్థ రూపొందించింది. అందులో నలభై అంశాలు ఉంటాయి. పిల్లవాడిని గమనించి, తల్లిదండ్రులను అడిగి వాటిని నింపాలి. అడిగిన ప్రశ్న తల్లికి అర్థం కాకపోతే, అర్థం కాలేదని చెప్పడానికి ఆమె సిగ్గుపడితే, వచ్చే లెక్క ఎవరిది?

నూర్‌బాషా కుటుంబాల వంటి చోట్ల ఇంటి భాష తెలుగే. అక్కడ తెలుగునే వదలమని చెబుతున్నారు. కనుక ఇది ఉర్దూ పక్షపాతంతో చేస్తున్న వాదన అని ఎవరూ అనుకోనక్కరలేదు.

చట్టం మన వైపే ఉన్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని ఇరవై ఒక్క వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. మాట రానివారికి బొమ్మల కార్డుల వంటి ప్రత్యామ్నాయ మార్గాలను బడులలో ప్రోత్సహించాలని అదే చట్టం 17వ సెక్షనులో ఉన్నది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. అయినా జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో ఉర్దూలో ఒక ప్రశ్న అడిగేవారు లేకపోతే ఆ హోదా ఎవరికి ఉపయోగం? ఉర్దూ ఉపాధ్యాయ పోస్టుల కోసం మన సంఘాలు ధర్నాలు చేశాయి, మేమూ వాటిని సమర్థించాము. ప్రత్యేక ఉపాధ్యాయులలో, థెరపిస్టులలో ఉర్దూ తెలిసినవారు ఎందరని అడిగిన వినతిపత్రం మాత్రం మా కంటపడలేదు. కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాదు, హైదరాబాదు పాతబస్తీలలోని సంఘాలు ముందుగా ఈ ఒక్క ప్రశ్నతో కలెక్టరు కార్యాలయానికి వెళ్ళాలని కోరుతున్నాము.

కుటుంబాలతోనూ ఒక మాట. 'మగపిల్లలకు మాట ఆలస్యం', 'వాడి చాచా కూడా ఐదేళ్ళకే మాట్లాడాడు' అంటూ రెండేళ్ళు గడిపేస్తున్నాము. దుఆ చేయండి, అది తల్లికి బలం. దానితోపాటే అంగన్‌వాడీకి వచ్చే ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందానికి బిడ్డను చూపించండి. అక్క పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ధ్రువపత్రం తీసుకోని ఇళ్ళు ఉన్నాయి. ఆ కాగితం లేనిదే చికిత్సల ఖర్చుకు లక్ష రూపాయల వరకు ఆదుకునే నిరామయ బీమా అందదు. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని బిడ్డకు చట్టబద్ధ సంరక్షకుడిని నియమించేది 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ. వారసత్వంలో ఆ బిడ్డకు వచ్చిన వాటా అన్నదమ్ముల చేతుల్లో కరిగిపోకుండా చూడాలంటే ఆ దరఖాస్తు తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే పెట్టాలి.

గుంటూరు ఇంట్లో దాదీమా మళ్ళీ మాట్లాడుతున్నారు. మరొక చోట చూపించినప్పుడు అక్కడి థెరపిస్టు, మీకు ఏ భాష బాగా వస్తే అందులోనే మాట్లాడండి, ఎంత మాట్లాడితే అంత మంచిది అన్నారట. అయితే ఆ థెరపిస్టుకు ఉర్దూ రాదు. తల్లి చెప్పింది తెలుగులోకి, ఆమె చెప్పింది ఉర్దూలోకి మార్చడానికి ప్రతి బుధవారం తండ్రి మెకానిక్ షెడ్డు నుండి సగం రోజు సెలవు పెట్టి వస్తున్నాడు. ఆ సగం రోజు కూలి అతనికి రాదు.