విధి అనే మాటకు రెండు అర్థాలు

పిండాభివృద్ధి గురించి వచ్చే పుస్తకాలు ఎన్నో ఒకే బొమ్మను అరువు తెచ్చుకుంటాయి. కాన్రాడ్ వాడింగ్టన్ 1957లో ప్రచురించిన ‘ది స్ట్రాటెజీ ఆఫ్ ది జీన్స్’లోని బొమ్మ అది. కొండవాలు పైన ఒక బంతి. కిందికి పోయేకొద్దీ చీలిపోయే లోయలు. బంతి పిండకణం, అది చివరకు చేరే లోయ నాడీకణమో, కండరకణమో, కాలేయకణమో. ఒక లోయలోకి దిగిన బంతి పక్క లోయలోకి ఎక్కడం కష్టం.

అదే పుస్తకంలో, దాని వెంటే, మరో బొమ్మ ఉంది. అది ఆ కొండను అడుగునుంచి చూపిస్తుంది. నేలలో పాతిన మేకులు జన్యువులు. వాటినుంచి పైకి కట్టిన తాళ్ళు వాటి రసాయన ప్రభావాలు. కొండ రూపాన్ని నిర్ణయించేది ఆ తాళ్ళ బిగువే. మొదటి బొమ్మ లోకప్రసిద్ధమైంది. రెండోది మరుగున పడింది. దాంతో కొండ శాశ్వతమనీ బంతి నిస్సహాయమనీ పాఠకుడికి తోస్తుంది. తెలుగులో ఈ నష్టం మరింత ఎక్కువ. ‘కణవిధి’ అనగానే బ్రహ్మ రాసిన నుదుటిరాత మనసులో మెదులుతుంది.

ప్రయోగశాలలో తేలినది వేరు. ఎలుక పిండ మూలకణాలను 1981లోనూ, మానవ పిండ మూలకణాలను 1998లోనూ గాజుపాత్రలో పెంచగలిగారు. వాటిని మూలకణాలుగా నిలిపి ఉంచే ప్రొటీన్లలో ఆక్ట్-4 ముఖ్యమైనది. 2000లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఎలుక కణాల్లో దాని మోతాదు రెట్టింపు కాకముందే అవి అంతస్త్వచం, మధ్యస్త్వచం దారి పట్టాయి. దాన్ని అణచివేస్తే మావిని నిర్మించే పొరవైపు మళ్ళాయి. జన్యువు ఒకటే, మోతాదు మారితే గమ్యం మారింది.

2014లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రయోగం ఇంకా విశేషమైనది. చిన్న చిన్న వృత్తాల్లో పెంచిన మానవ పిండ మూలకణాలన్నిటికీ బీఎంపీ-4 అనే సంకేత ప్రొటీనును ఒకే తీరున అందించారు. రెండు రోజుల్లోపే అవి వలయాలుగా విడిపోయాయి: అంచున మావి తరహా కణాలు, దాని లోపల అంతస్త్వచం, తరువాత మధ్యస్త్వచం, నడుమ బహిస్త్వచం. అన్నీ ఒకే జన్యుసంపద గలవి, ఒకే మందు తాగినవి. తేడా తెచ్చింది అంచునుంచి దూరం, ఇరుగుపొరుగు కణాల సంభాషణ.

ఆ రాత చెరగనిదీ కాదు. 2006లో యమనాక నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను మూలకణస్థితికి మళ్ళించారు. అడుగున తాళ్ళు సడలితే లోయ పైకి లేస్తుంది.

సామాన్య పాఠకుడికి ఉపమానం లేకుండా శాస్త్రం చెప్పలేమన్న వాదంలో న్యాయం ఉంది. కాని సగం ఉపమానం చేసే హాని చిన్నది కాదు. ‘మూలకణం ఏదైనా కాగలదు’ అన్నది శాస్త్రం. ‘శరీరంలోకి ఎక్కిస్తే కావలసినది అవుతుంది’ అన్నది వ్యాపారం. రుజువులేని మూలకణ చికిత్సలను అమ్మేవారు బతుకుతున్నది ‘కాగలదు’కూ ‘అవుతుంది’కీ నడుమనున్న సందులోనే. మోతాదు, వేళ, తావు కుదరకుండా శరీరంలో చేరిన పిండ మూలకణాలు టెరటోమా అనే కణితిగా పెరగగలవు. బంతి దానంతటదే సరైన లోయకు దొర్లుతుందని నమ్మిన రోగికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? పుస్తకాలే చెప్పాలి.

‘విధి’ అనే మాటను వదులుకోనక్కరలేదు. తెలుగులో దానికి రాత అనే అర్థంతో పాటు కర్తవ్యమనే అర్థమూ ఉంది. విధినిర్వహణ అంటున్నది అందుకే. కణానికి సంకల్పం లేదన్న మాట నిజమే. అయినా చుట్టుపక్కలవారు అప్పగించినది, అనుక్షణం నిలబెట్టుకోవలసినది, పరిస్థితి మారితే మారేది అన్న భావం ఆ రెండో అర్థంలోనే ఉంది. కణవిధిని తెలుగులో రాసేవారు పాఠకుణ్ణి ఆ అర్థంవైపు నడిపించాలి. వాడింగ్టన్ కొండను చూపినప్పుడు దాని అడుగునున్న తాళ్ళనూ చూపాలి.