తప్పు పాస్‌వర్డ్‌ది కాదు

ఉబుంటు లాంటి లినక్స్ కొత్తగా వేసుకున్నాక లాగిన్ తెర పాస్‌వర్డ్ తీసుకోకపోతే, కాస్త కంప్యూటర్ తెలిసిన ప్రతివారి నోటా ఈమధ్య ఒకటే మాట: "మర్చిపోయి ఉంటావు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసెయ్." ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోమనే సలహా ఇది. పది నిమిషాల కిందట రెండుసార్లు కొట్టిన పాస్‌వర్డ్ అప్పుడే ఎలా మరపుకొస్తుందో ఏ పండితుడూ చెప్పడు.

అసలు లాగిన్ తెర మొండికేయడంలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. పాస్‌వర్డ్ తప్పని తెర చెప్పడం ఒకటి. తెర క్షణంసేపు నల్లబడి, ఏ తప్పూ చూపకుండా మళ్ళీ మొదటికి రావడం రెండోది. ఈ రెండోదానిలో పాస్‌వర్డ్ నెగ్గింది, తెరుచుకోలేకపోయింది డెస్క్‌టాప్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ అదే పాస్‌వర్డ్ పనిచేస్తే మతిమరుపు వాదన అంతటితో చచ్చినట్టే. ఇక చూడాల్సింది డిస్క్ నిండిందా, ఎన్విడియా డ్రైవర్ మొరాయించిందా, హోం ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ (నిర్వాహక ఖాతా) పేరిట మారిందా అని. నిర్వాహక అధికారమిచ్చే సుడోతో డెస్క్‌టాప్‌ను నడిపినవారికి ఆ చివరిది తగలొచ్చు. ఫైలును తిరిగి సొంత పేరుకు మార్చుకుంటే చాలు. పాత హోం విభాగాన్ని అలాగే ఉంచి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కోసారి యూజర్ నంబరు మారి, తన ఫైళ్ళే తనకు పరాయివైపోతాయి. అంటే లేని జబ్బును తెచ్చిపెట్టేది ఆ ఘనమైన సలహాయే.

తప్పని తెర నిజంగానే అంటే ముందు అనుమానించాల్సింది కీబోర్డు అమరికను. మన దేశంలో దొరికే కీబోర్డుల్లో ఎక్కువ భాగం అమెరికా అమరికవే. లాగిన్ తెర బ్రిటన్ అమరికలో ఉంటే షిఫ్ట్‌తో 2 నొక్కినప్పుడు ఎట్ గుర్తుకు బదులు కొటేషన్ గుర్తు పడుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ముందుంటే పాస్‌వర్డ్ అంతా తెలుగు అక్షరాలే. ఏది పడినా పైకి కనిపించేవి చుక్కలు! గదిలో ఒంటరిగా కూర్చున్నవాడి పాస్‌వర్డ్‌ను అతనికే కనపడకుండా దాచడం ఏపాటి భద్రతో! కొత్త గ్నోమ్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్‌ను చూపే కన్ను బొమ్మ పెట్టారు, ఆమాత్రం జ్ఞానం కలగడానికి ఏళ్ళు పట్టింది. అమరికలు రెండుంటే వాటి గుర్తు తెర మూలన ఉంటుంది, అదీ చూడాలి. క్యాప్స్‌లాక్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఏ పేరుతో లాగిన్ అవుతున్నామో కూడా చూడాలి. ఉబుంటులో రూట్ ఖాతాకు మామూలుగా పాస్‌వర్డే ఉండదు. ఆ పేరుతో ఎన్నిసార్లు కొట్టినా తప్పే.

ఇన్‌స్టాలర్ రాసేవారు పాస్‌వర్డ్ అడిగేచోటే అమరికను పెద్దక్షరాల్లో చూపిస్తే సగం గొడవ పోతుంది. ఎలాగన్నది వారే తేల్చుకోవాలి. నిజంగా మర్చిపోయినా ఇన్‌స్టాల్ అక్కర్లేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో రికవరీ మోడ్‌కు వెళ్ళి, రూట్ షెల్ తెరిచి, డిస్క్‌ను రాతకు వీలుగా మౌంట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. దాచుకున్న పాస్‌వర్డులుండే కీరింగ్ ఒక్కటే పాత పాస్‌వర్డ్ అడుగుతుంది.